రాస్‌ప్‌బెర్రీ పై బోర్డులో శబ్దం పరీక్షించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బడి గంట మోగించే పెట్టె, బస్టాండులో ప్రకటనలు వినిపించే యంత్రం, చూపులేని వారికి అక్షరాలు చదివి వినిపించే పరికరం: చిన్న కంప్యూటర్ బోర్డులతో మనవాళ్లు ఎన్నో చేస్తున్నారు. వాటిలో చాలా ప్రాజెక్టులు చివరి మెట్టు దగ్గర ఆగిపోతాయి. ప్రోగ్రాం నడుస్తుంది, స్పీకరు మాత్రం పలకదు. విద్యార్థుల నుంచి, సొంతంగా పరికరాలు చేసుకునేవారి నుంచి పదే పదే వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి. ఎక్కువ మంది వాడేది రాస్‌ప్‌బెర్రీ పై కాబట్టి ఉదాహరణలన్నీ దాని మీదే. లైనక్స్ నడిచే ఇతర బోర్డులకూ పద్ధతి దాదాపు ఇదే. కమాండ్ల పేర్లు పలికే తీరులో రాశాను, పెద్ద అక్షరం అని చెప్పినచోట తప్ప టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి. కమాండ్‌కు జోడించే అక్షరం ముందు అడ్డగీత పెట్టాలి.

శబ్దం రావడం లేదు. దేనితో మొదలుపెట్టాలి?

స్పీకరుతో. అదే స్పీకరును అదే తీగతో ఫోనుకో లాప్‌టాప్‌కో తగిలించి వినండి. పలికితే స్పీకరు, తీగ రెండూ మంచివే. పలకకపోతే బోర్డు జోలికి వెళ్లనక్కరలేదు.

శబ్దం రాకపోవడం ఒక్క లోపం కాదు. చాలా లోపాలకు బయటికి కనిపించే లక్షణం అదొక్కటే. ఫైలు, ప్రోగ్రాం, సౌండ్ సర్వర్, డ్రైవర్, చిప్పు, ఆంప్లిఫయర్, తీగ, స్పీకరు అన్నీ వరుసగా పనిచేస్తేనే చెవికి వినిపిస్తుంది. అన్నింటినీ కలిపి పరీక్షిస్తే ఏది చెడిందో ఎప్పటికీ తేలదు. స్పీకరు నుంచి వెనక్కి ఒక్కో అంచెనూ విడిగా పరీక్షించుకుంటూ రండి. మీరు రాసిన ప్రోగ్రాం వంతు చిట్టచివర రావాలి. చాలామంది దానితోనే మొదలుపెట్టి, చక్కగా ఉన్న ప్రోగ్రాంను తిరగరాస్తూ రాత్రులు గడుపుతారు.

నా బోర్డులో అసలు శబ్దం బయటికి వచ్చే దారి ఉందా?

ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఇది. రాస్‌ప్‌బెర్రీ పై మొదటి మోడల్ 2012లో వచ్చింది. దానికీ, బీ ప్లస్ మోడల్ నుంచి పై 4 దాకా వచ్చిన పెద్ద బోర్డులకూ 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉంది. జీరో రకాలకు, కీబోర్డులో ఇమిడిన 400కు, 2023లో వచ్చిన పై 5కు ఆ జాక్ లేదు. వాటిలో శబ్దం హెచ్‌డీఎంఐ ద్వారా, యూఎస్‌బీ సౌండ్ కార్డు ద్వారా, బ్లూటూత్ ద్వారా, లేదా పిన్నులకు కలిపే డాక్ (అంకెలను శబ్ద తరంగంగా మార్చే చిప్పు) బోర్డు ద్వారా రావాలి. పై 4 కోసం రాసిన పాఠం చూస్తూ పై 5 మీద జాక్ వెతికేవారిని చూస్తూనే ఉన్నాను. బీగల్‌బోన్ బ్లాక్‌కు కూడా జాక్ లేదు, అందులో శబ్దం హెచ్‌డీఎంఐ నుంచే వస్తుంది.

ఇంకో మాట. రాస్‌ప్‌బెర్రీ పై జాక్ శబ్దాన్ని బయటికి పంపడానికే, లోపలికి తీసుకోదు. మైకు కావాలంటే విడిగా కార్డు పెట్టుకోవాలి.

సౌండ్ కార్డును బోర్డు గుర్తించిందో లేదో ఎలా తెలుస్తుంది?

టెర్మినల్‌లో ఏప్లే కమాండ్‌కు అడ్డగీత, చిన్న ఎల్ జోడించి నొక్కండి. శబ్దం పంపగల కార్డులన్నీ వరుసగా వస్తాయి. పై 4లో అయితే హెడ్‌ఫోన్స్ పేరుతో జాక్, వీసీ4 హెచ్‌డీఎంఐ పేరుతో రెండు పోర్టులు కనిపించాలి. మీకు కావలసినది అక్కడ లేకపోతే వాల్యూమ్‌తో కుస్తీ పట్టడం వృథా.

జాక్ కనిపించకపోతే కాన్‌ఫిగ్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలు తెరవండి. రాస్‌ప్‌బెర్రీ పై ఓఎస్ బుక్‌వర్మ్ కూర్పు నుంచి అది బూట్ ఫోల్డరులోని ఫర్మ్‌వేర్ ఫోల్డరులో ఉంటుంది, అంతకు ముందు నేరుగా బూట్ ఫోల్డరులోనే ఉండేది. అందులో డీటీపారమ్, ఆడియో, ఆన్ అనే మాటలు సమానం గుర్తులతో కలిసిన వరుస ఉండాలి. దాని ముందు హాష్ గుర్తు ఉంటే తీసేసి, బోర్డును రీబూట్ చేయండి.

మొదటి పరీక్షకు ఏ పాట వేయాలి?

పాట వేయకండి. పాట ఎంపీ3 రూపంలో ఉంటే దాన్ని విప్పే ప్రోగ్రాం కూడా పరీక్షలోకి వచ్చి చేరుతుంది. పైగా పాటలో ఏది వాయిద్యమో, ఏది గరగరో మొదట్లో చెవికి అందదు.

స్పీకర్-టెస్ట్ అనే కమాండ్ ఇందుకే ఉంది. ఏమీ చెప్పకుండా నడిపితే జల్లువాన లాంటి ఎడతెగని రొద వస్తుంది. టీ అక్షరం తరువాత సైన్ అని రాస్తే 440 హెర్ట్జ్ స్వరం, వేవ్ (డబ్ల్యూ, ఏ, వీ మూడే అక్షరాలు) అని రాస్తే మనిషి గొంతు వినిపిస్తాయి. సీ అక్షరం తరువాత 2 పెడితే ఆ గొంతు ఎడమ, కుడి అని వంతులవారీగా ఇంగ్లీషులో చెబుతుంది. కంట్రోల్, సీ కలిపి నొక్కేదాకా ఆగదు, భయపడకండి. మూడింటికీ మూడు ఉపయోగాలు. రొదతో శబ్దం వస్తోందో లేదో తెలుస్తుంది. స్వరంతో శుభ్రంగా ఉందో లేదో తెలుస్తుంది. గొంతుతో ఎడమ కుడి తారుమారయ్యాయో లేదో తెలుస్తుంది.

మీ పరికరం తెలుగు మాట్లాడవలసినదైతే పరీక్షను కూడా తెలుగులో చేయమంటాను. ఈస్పీక్-ఎన్‌జీ అనే ఉచిత ప్రోగ్రాంకు తెలుగు వచ్చు. దాని గొంతు యంత్రంలాగే ఉంటుంది, కానీ ఒత్తులు, దీర్ఘాలు చిన్న స్పీకరులో ఎంత స్పష్టంగా వినిపిస్తాయో తెలుసుకోవడానికి అది చాలు. ‘పలక’, ‘ఫలకం’, ‘శంఖం’, ‘సంకటం’ లాంటి మాటలు పలికించి దూరం నుంచి వినండి. మహాప్రాణాల ఊపిరి, స, శ, ష ల తేడా ఎక్కువగా పై స్థాయి పౌనఃపున్యాల్లో ఉంటాయి. వాటిని పలకలేని స్పీకరు ఎంత గట్టిగా అరిచినా వినేవారికి మాట అందదు.

కమాండ్ ఏ తప్పూ చూపకుండా నడిచింది. అయినా నిశ్శబ్దమే. ఎందుకు?

ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

తప్పు చూపలేదంటే శబ్దం ఏదో ఒక కార్డుకు వెళ్లిందని అర్థం. అది మీరు వింటున్న కార్డు కాకపోవచ్చు. హెచ్‌డీఎంఐ తెర తగిలించి ఉంటే శబ్దం అటు వెళ్లిపోయి, జాక్ ఖాళీగా ఉండడం మామూలే. అందుకని కార్డు పేరు స్పష్టంగా చెప్పి పరీక్షించండి. కమాండ్‌కు పెద్ద డీ అక్షరం జోడించి, ఆ తరువాత ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ, కోలన్ గుర్తు, కార్డు పేరు వరుసగా రాయాలి.

తరువాత ఆల్సామిక్సర్ తెరిచి, ఎఫ్6 నొక్కి సరైన కార్డును ఎంచుకోండి. నిలువు పట్టీ కింద రెండు ఎంలు కనిపిస్తే నోరు మూసినట్టు. ఎం నొక్కితే అవి రెండు సున్నాలుగా మారతాయి.

అసలైన కిటుకు వాల్యూమ్ శాతంలో ఉంది. రాస్‌ప్‌బెర్రీ పై హెడ్‌ఫోన్ జాక్ వాల్యూమ్ మైనస్ 102.39 డెసిబెల్స్ నుంచి ప్లస్ 4 డెసిబెల్స్ వరకు ఉంటుంది. ఏమిక్సర్ కమాండ్ ఈ మొత్తం పరిధినీ సమాన భాగాలుగా కోసి శాతాలుగా చూపిస్తుంది. కాబట్టి అక్కడ 50 శాతం అంటే సగం శబ్దం కాదు, దాదాపు మైనస్ 49 డెసిబెల్స్. తరంగం ఎత్తు సుమారు 290వ వంతుకు పడిపోతుంది, గదిలో ఫ్యాను తిరుగుతుంటే అసలు వినిపించదు. అదే కమాండ్‌లో 77 శాతం అంటే మైనస్ 20 డెసిబెల్స్. ఆల్సామిక్సర్ మాత్రం చెవి వినే తీరుకు దగ్గరగా లెక్క మార్చి చూపిస్తుంది. ఒకే వాల్యూమ్‌కు రెండు చోట్ల రెండు శాతాలు కనిపించి జనం తికమకపడేది అందుకే. ఏమిక్సర్‌కు పెద్ద ఎం అక్షరం జోడిస్తే రెండూ కలుస్తాయి. శాతాన్ని వదిలేసి, పక్కన కుండలీకరణాల్లో ఉన్న డెసిబెల్ అంకెను చదవడం అలవాటు చేసుకోండి. పరీక్షకు సున్నా డెసిబెల్స్ పెట్టండి, అది 96 శాతం దగ్గర వస్తుంది. వందకు నెడితే ప్లస్ 4 అవుతుంది. గట్టిగా రికార్డు చేసిన ఫైలు అక్కడ చిట్లినట్టు వినిపిస్తుంది.

హెచ్‌డీఎంఐ తెరలో బొమ్మ వస్తోంది, శబ్దం లేదు.

తెరకు స్పీకర్లు ఉన్నాయా? చాలా కంప్యూటర్ తెరలకు ఉండవు. ఉన్నా, తనకు శబ్దం తెలుసని తెర బోర్డుకు చెప్పుకోవాలి. డీవీఐ మార్పిడి ముక్క మధ్యలో ఉంటే ఆ సమాచారం అందదు. పై 4లో రెండు పోర్టులు ఉన్నాయి కాబట్టి మీరు ఏ పోర్టుకు తగిలించారో చూసుకోండి. కరెంటు ఇచ్చే యూఎస్‌బీ-సీ పక్కన ఉన్నది సున్నా పోర్టు.

హెచ్‌డీఎంఐ కార్డును హెచ్‌డబ్ల్యూ అనే పేరుతో నేరుగా పిలిస్తే ఫార్మాట్ కుదరదని మొరాయిస్తుంది. ఏప్లేకు పెద్ద ఎల్ జోడిస్తే వచ్చే పొడవాటి జాబితాలో డీఫాల్ట్ అని మొదలై ఆ కార్డు పేరుతో ముగిసే వరుస ఉంటుంది, దాన్ని వాడండి. ప్రకటన మొదటి మాట మింగేస్తోందంటే తెర మేలుకోవడానికి తీసుకునే వ్యవధే కారణం. ఫైలు ముందు ఒక సెకను నిశ్శబ్దం చేర్చండి.

‘శాంపిల్ రేటు కుదరదు’, ‘ఛానెళ్ల సంఖ్య కుదరదు’ అని తిప్పికొడుతోంది. ఫైలు చెడిందా?

ఫైలు మంచిదే. శాంపిల్ రేటు అంటే సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని అంకెగా నమోదు చేశారన్నది. హెచ్‌డబ్ల్యూ పేరుతో పిలిస్తే, లైనక్స్‌లో శబ్దాన్ని చూసుకునే ఆల్సా ఏ మార్పూ చేయకుండా ఫైలును చిప్పుకు అప్పగిస్తుంది. ఈస్పీక్-ఎన్‌జీ తయారుచేసే ఫైలు 22050 హెర్ట్జ్, ఒకే ఛానెల్. రెండు ఛానెళ్లే తెలిసిన డాక్ దాన్ని తీసుకోదు. పేరు ముందు ప్లగ్ చేర్చి ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ అని రాస్తే రేటు, ఛానెళ్లు, బిట్లు తనే సర్దుతుంది. చిప్పును పరీక్షించేటప్పుడు మొదటి పేరు, రోజువారీ వాడకానికి రెండో పేరు సరైనవి.

ఐ2ఎస్ డాక్ కలిపాను. జాబితాలో కార్డు కనిపిస్తోంది, శబ్దం రావడం లేదు.

ఐ2ఎస్ అంటే చిప్పుల మధ్య శబ్దాన్ని అంకెల రూపంలో పంపే పద్ధతి. జాబితాలో కనిపించడం ఇక్కడ దేనికీ రుజువు కాదు. పీసీఎం5102ఏ, మ్యాక్స్98357ఏ లాంటి చిప్పులు బోర్డుతో తిరిగి మాట్లాడవు. కాన్‌ఫిగ్ ఫైలులో ఆ చిప్పు ఉందని చెప్పే ఓవర్లే వరుస రాస్తే చాలు, ఒక్క తీగ కూడా కలపకపోయినా కార్డు పేరు వస్తుంది. కాబట్టి తీగలను తీగల దగ్గరే పరీక్షించాలి.

రాస్‌ప్‌బెర్రీ పైలో బిట్ క్లాక్ (డేటాకు తాళం వేసే సంకేతం) 12వ పిన్ను మీద, ఎడమ కుడి క్లాక్ 35వ పిన్ను మీద, డేటా 40వ పిన్ను మీద బయటికి వస్తాయి. ఇవి బోర్డు మీద వరుసగా లెక్కించే అంకెలు. చిప్పు తన పిన్నులకు పెట్టుకున్న జీపీఐఓ లెక్కలో ఇవే 18, 19, 21. రెండు లెక్కలు కలగలిపి తప్పు పిన్నుకు కలపడం అన్నింటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు. 38వ పిన్ను మీద ఉన్నది లోపలికి వచ్చే డేటా, మైకు కోసం. డాక్ డేటా తీగను అక్కడ కలిపితే ఎంతసేపు చూసినా మౌనమే.

మామూలు మల్టీమీటరు చాలు. దాన్ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల తీగను గ్రౌండ్‌కు ఆనించి, స్పీకర్-టెస్ట్ నడుస్తుండగా ఎర్ర తీగను డాక్ వైపు ఉన్న క్లాక్ కాలుకు తాకించండి. 3.3 వోల్టులలో సగం, అంటే 1.6 వోల్టుల దగ్గర చూపిస్తే క్లాక్ కొట్టుకుంటోందని అర్థం. సగం కాలం పైన, సగం కాలం కింద ఉండే అలకు సగటు అదే. కదలని సున్నాగానో 3.3గానో ఉంటే తీగ తెగింది, సోల్డరింగ్ అంటలేదు, లేదా తప్పు పిన్ను. మీటరులో హెర్ట్జ్ గుర్తు ఉంటే ఎడమ కుడి క్లాక్ దగ్గర పెట్టి చూడండి, 48000 దరిదాపుల్లో రావాలి. డాక్ వైపే కొలవమన్నాను చూడండి, అది ముఖ్యం. బ్రెడ్‌బోర్డు, జంపర్ తీగల్లో దాగిన లోపం రాస్‌ప్‌బెర్రీ పై వైపు కొలిస్తే బయటపడదు.

క్లాకులు బాగుంటే చిప్పు కాళ్లు చూడండి. పీసీఎం5102ఏ బోర్డు మీద ఎస్‌సీకే కాలును గ్రౌండ్‌కు కలపాలి. మ్యాక్స్98357ఏలో ఎస్‌డీ కాలు గ్రౌండ్‌కు తగిలితే చిప్పు నిద్రపోతుంది. 1.4 వోల్టులు దాటితే ఎడమ ఛానెల్ ఒక్కటే పలుకుతుంది. కుడి గొంతు వినిపించకపోయినా ఏదీ చెడినట్టు కాదు. ఆ చిప్పు స్పీకరు కాళ్లు రెండూ ప్రాణం ఉన్నవే, మైనస్ అని రాసి ఉన్నా దాన్ని గ్రౌండ్‌కు కలపకండి.

ఆల్సామిక్సర్‌లో ఈ కార్డుకు పట్టీలేమీ లేవని బెంగపడకండి. ఈ చిప్పులకు సొంత వాల్యూమ్ లేదు. ఆల్సాలోని సాఫ్ట్‌వాల్ అనే సాఫ్ట్‌వేర్ వాల్యూమ్ వాడుకోవాలి.

జాక్ నుంచి బుస్సుమనే శబ్దం వస్తోంది. బోర్డు పాడైందా?

పాడవలేదు. ఆ జాక్ వెనుక అసలైన డాక్ చిప్పు లేదు. రెండు పిన్నులను వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ, ఆ వెడల్పుల తేడాతో శబ్దాన్ని అల్లుతుంది. ప్రకటనలకు, గంటకు అది చాలు. సంగీతానికి చాలదని నా గట్టి అభిప్రాయం. తక్కువ ధర యూఎస్‌బీ కార్డు పెట్టినా తేడా వెంటనే తెలుస్తుంది.

జుయ్యిమనే మోత వేరు. బీ ప్లస్ నుంచి ఆ జాక్‌కు నాలుగు వలయాలు ఉన్నాయి: కొన ఎడమ, తరువాత కుడి, ఆపైన గ్రౌండ్, అన్నిటికన్నా లోపల వీడియో. కొన్ని కామ్‌కార్డర్ తీగల్లో గ్రౌండ్, వీడియో తారుమారై ఉంటాయి. అలాంటి తీగ పెడితే మోత తప్పదు.

చిన్న స్పీకరును జాక్‌కే నేరుగా కలపవచ్చా?

వద్దు. 4 ఓమ్‌లు, 8 ఓమ్‌ల స్పీకరును నడిపే బలం దానికి లేదు. మధ్యలో ఆంప్లిఫయర్ ఉండాలి.

శబ్దం తెగుతూ, టపటపమంటూ వస్తోంది.

ముందు కరెంటు చూడండి. వీసీజెన్‌కమాండ్ (చివర సీ, ఎం, డీ అక్షరాలే) గెట్ థ్రాటిల్డ్ (మధ్యలో అండర్‌స్కోర్) అని నడిపితే సున్నా రావాలి. వేరే అంకె వస్తే అడాప్టరునో తీగనో అనుమానించండి. ఆంప్లిఫయర్ కూడా అదే 5 వోల్టుల మీద ఉంటే గట్టి శబ్దం వచ్చిన ప్రతిసారీ వోల్టేజి కుంగుతుంది, ఒక్కోసారి బోర్డే రీబూట్ అవుతుంది. ఫోను చార్జర్లతో ఈ బాధ ఎక్కువ.

కరెంటు బాగుంటే, ప్రోగ్రాం సకాలంలో డేటా అందించడం లేదేమో చూడండి. టెర్మినల్‌లో అండర్‌రన్ అని పడితే అదే. 1024 ఫ్రేముల బఫరు (ముందుగా నింపుకునే నిల్వ) 48000 రేటు మీద 21 మిల్లీసెకన్లకే ఖాళీ అవుతుంది. ఆ లోపు పైథాన్ ప్రోగ్రాం ఇంకో పనిలో ఉంటే శబ్దం తెగుతుంది. బఫరు పెంచండి. గంట మోగించే పెట్టెకు పావు సెకను ఆలస్యం లెక్కలోది కాదు.

గొంతు బరువుగా, నెమ్మదిగా వినిపిస్తోంది.

48000 రేటుతో చేసిన ఫైలును 44100 రేటుతో ఆడిస్తే వేగం 8 శాతానికి పైగా తగ్గి, శ్రుతి దాదాపు ఒకటిన్నర అర్ధస్వరాలు దిగుతుంది. రేటు ఎంతో చెప్పే తలకట్టు లేని ముడి ఫైళ్లతో ఇలా అవుతుంది. 440 హెర్ట్జ్ స్వరం వేసి, ఫోనులోని శ్రుతి చూసే యాప్‌తో సరిపోల్చితే సందేహం తీరుతుంది.

నిన్న పలికింది, రీబూట్ చేశాక పలకడం లేదు.

కార్డుల అంకెలు ఏది ముందు లేచిందన్న దాన్ని బట్టి మారవచ్చు. యూఎస్‌బీ కార్డు ఉంటే మరీను. అంకెతో కాకుండా పేరుతో పిలవండి. ఈటీసీ ఫోల్డరులోని ఏసౌండ్ డాట్ కాన్ఫ్ ఫైలులో కూడా పేరే రాయండి. వాల్యూమ్ నిలవకపోతే ఆల్సాసీటీఎల్ స్టోర్ నడపండి.

టెర్మినల్‌లో వస్తుంది, బోర్డు లేవగానే తనంతట తాను నడిచేలా పెడితే రాదు.

డెస్క్‌టాప్‌లో మీ శబ్దం పైప్‌వైర్ అనే సర్వర్ గుండా వెళ్తుంది. అది లాగిన్ అయిన వాడుకరికి చెందినది. బోర్డు లేచిన క్షణంలో, వేరే వాడుకరి పేరుతో నడిచే సర్వీసుకు అది అందదు. ఆ సర్వీసును నడిపే వాడుకరిని ఆడియో గుంపులో చేర్చి, ప్రోగ్రాంలో ఆల్సా కార్డును పేరుతో పిలవండి. బడిలోనో బస్టాండులోనో ఉండే పెట్టెకు డెస్క్‌టాప్ లేని లైట్ కూర్పు పెట్టడమే మంచిదంటాను. కార్డు తీరిక లేకుండా ఉందని సందేశం వస్తే, దాన్ని ఎవరు పట్టుకున్నారో ఫ్యూజర్ కమాండ్ చెబుతుంది.

చెవిని నమ్మకుండా కొలిచి తేల్చే మార్గం ఉందా?

ఉంది, ఒకటికి మించి బోర్డులు సిద్ధం చేసేవారికి అది తప్పనిసరి. 50 హెర్ట్జ్ సైన్ స్వరం వేసి, మల్టీమీటరును ఏసీలో పెట్టి కొలవండి. చవక మీటర్లు కూడా ఇంటి కరెంటు పౌనఃపున్యం దగ్గర సరిగ్గా చదువుతాయి. పీసీఎం5102ఏ పూర్తి స్థాయిలో 2.1 వోల్టులు ఇస్తుంది. స్పీకర్-టెస్ట్ స్వరం 80 శాతం ఎత్తులోనే ఉంటుంది కాబట్టి 1.7 దగ్గర చూపాలి. రెండు ఛానెళ్లు పెడితే స్వరం వంతులవారీగా మారుతుంది, మీటరు పడి లేస్తుంటే కంగారుపడకండి.

ఇంకా పకడ్బందీగా కావాలంటే, బోర్డు నుంచి వచ్చే శబ్దాన్ని లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ కార్డుకు తీగతో కలపండి. వెయ్యి హెర్ట్జ్ స్వరం వేస్తూ ఏరికార్డ్‌తో మూడు సెకన్లు రికార్డు చేసి, ఆ ఫైలును సాక్స్ ప్రోగ్రాం గణాంకాలతో చూడండి. పౌనఃపున్యం వెయ్యి దగ్గర, ఎత్తు మీరు ముందుగా బాగుందని తేల్చుకున్న బోర్డు ఎత్తు దగ్గర ఉండాలి. ఈ రెండు అంకెలనూ స్క్రిప్టు పోల్చి చెబితే, శబ్దాలు ఎక్కువగా ఉన్న గదిలో కూడా పరీక్ష ఫలితం తప్పుగా రాదు.

ఈఎస్‌పీ32, ఆర్డుయినో, పికో లాంటి వాటిలో?

వాటిలో సాధారణంగా లైనక్స్ ఉండదు, ఈ కమాండ్లేవీ పనిచేయవు. మొదటి తరం ఈఎస్‌పీ32లో 25, 26 పిన్నుల మీద 8 బిట్ల డాక్ ఉంది. ఎస్3, సీ3 రకాల్లో లేదు. ఆర్డుయినో ఊనో ఆర్3లో, పికోలో కూడా లేదు. ఈఎస్‌పీ32కో పికోకో ఐ2ఎస్ చిప్పు కలిపినా మల్టీమీటరు పరీక్ష పైన చెప్పినట్టే. బజర్ వాడుతుంటే అది ఏ రకమో చూసుకోండి. బ్యాటరీ తగిలించగానే మోగేదాని లోపల సొంత డోలకం ఉంటుంది, దానితో రాగాలు పలికించలేరు.

పరీక్ష అయిపోయిందని ఎప్పుడు అనుకోవచ్చు?

పరికరాన్ని అది ఉండబోయే చోట, అది వాడబోయే అడాప్టరుతో, మూత బిగించి నడిపినప్పుడు. బల్ల మీద స్పష్టంగా ఉన్న మాట డబ్బాలో పెడితే గుయ్యిమంటుంది. కరెంటు తీసి మళ్లీ ఇవ్వండి, ఎవరూ లాగిన్ కాకుండా దానంతట అది పలకాలి. ఒక రాత్రంతా పావుగంటకోసారి ప్రకటన వేయించి, ఉదయం లాగ్ చదవండి. ఆ తరువాత, పరికరం గురించి ఏమీ తెలియని ఒకరిని దూరంగా నిలబెట్టి, ఏం వినిపించిందో చెప్పమనండి. వారు చెప్పిన మాట మీరు రాసిన మాట ఒకటైతే గోడకు బిగించవచ్చు.